మెత్తని మన్ను

కొత్తకోటలో మేముండే ఇంటి వెనక ఖాళీ జాగాలో ఎవరో పునాదులు తవ్విస్తున్నారు. పొద్దున కిటికీ తెరిస్తే లోపలికి వచ్చే వాసన తొలకరి జల్లుకు లేచే మట్టి వాసన కాదు. ఆ వాసన అందరికీ ఇష్టమే, దాన్ని మెచ్చుకోని వాళ్లుండరు. ఇది ఎండ మొహం ఎరగని లోపలి మన్ను వాసన, పచ్చిగా, చల్లగా, కాస్త తుప్పు కలిసినట్టుండే వాసన. హైవే మీద లారీల పొగను, పక్క ధాబాలో మాడుతున్న ఉల్లిగడ్డల ఘాటును దాటుకుని అది నేరుగా నా దగ్గరికే వస్తుంది. మా అమ్మ దగ్గరికి కూడా వస్తుంది కాబోలు, లేచి వచ్చి కిటికీ మూసేస్తుంది. నేను ఆ వాసనలోనే పుట్టాను, ఆ వాసనలోనే నడక నేర్చాను, అందుకని అమ్మ అటు తిరగ్గానే మళ్లీ కొంచెం తెరుస్తాను.

మా ఊరు అలంపూర్‌కు ఎగువన తుంగభద్ర ఒడ్డున ఉండేది. రైతుల ఇళ్లన్నీ పైన గడ్డ మీద, ఆ గడ్డకు దిగువన, ఏటికి బాగా దగ్గరగా మా నేతవాళ్ల వాడ. ఎవరో మమ్మల్ని కిందికి నెట్టారని కాదు, మా పెద్దలే కోరుకుని దిగారట. మావి గుంట మగ్గాలు. నేలలో నడుములోతు గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించుకుని కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ పైన చీర నేయాలి. రాతినేలలో గుంట దిగదు. ఎండునేలలో దిగినా పోగు నిలవదు, ఎండాకాలం గాలికి నూలు పుటుక్కున తెగుతూ ఉంటే నేసేది తక్కువ, అతికేది ఎక్కువ అవుతుంది. ఏటి ఒడ్డు మన్ను మాత్రం నడివేసవిలో కూడా లోపల్నుంచి చెమ్మను పైకి పంపుతూ ఉంటుంది, ఆ చెమ్మకు పోగు మెత్తబడి చెప్పిన మాట వింటుంది.

అందుకే మావాళ్లు ఇల్లు కట్టే తీరే వేరు. అందరూ ముగ్గు పోసి పునాది తీస్తే, మావాళ్లు ముందు మగ్గం గుంట తవ్వి, అందులో పసుపునీళ్లు చల్లి కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాత ఆ గుంట చుట్టూ గోడలు లేపేవారు. గుంట కుదిరితే ఇల్లు కుదిరినట్టే అనేవాడు మా తాత. వాడలో ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ఆయన్ని పిలుచుకుపోయేవారు. తాత చెప్పులు విడిచి ఆ జాగా అంతా ఒట్టికాళ్లతో తిరిగి, గడ్డపారతో రెండు మూడు చోట్ల పెళ్లలు లేపించి, పిడికెడు మన్ను పిసికి ముద్ద చేసి, దాన్ని చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. చల్లదనం చెంపకు తెలిసినంతగా చేతికి తెలియదట. ముసలాయన మన్నుతో ముచ్చట పెడుతున్నాడని ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు గాని, ఆయన కళ్లు తెరిచి తల ఊపేదాకా ఎవరూ అక్కడినుంచి కదిలేవారు కాదు.

ఆ వాడలో ఎండాకాలాలు ఏటి ఇసుకలో గడిచిపోయేవి. నీళ్లు సన్నగా ఒక పక్కకు ఒదిగిపోతే మిగతా ఏరంతా మాదే. చేతులతో ఇసుక తోడి చెలిమ చేసి, మొదట వచ్చిన మురికి నీళ్లు పారబోసి, తర్వాత ఊరిన తేట నీళ్లను దోసిలితో తాగేవాళ్లం. ఇసుకలో పాదులు పెట్టిన దోసకాయలను కాపలావాడి కన్నుగప్పి తెచ్చుకుని, ఇంట్లో దొరికితే వాడే ఇచ్చాడని చెప్పేవాళ్లం, వాడు కూడా పోనీలెమ్మని ఊరుకునేవాడు. తొలి ఏకాదశికి పేలపిండి, పీర్ల పండక్కి మలీద ముద్దలు, ఉగాదికి బక్ష్యాలు. తెల్లవారుజామున పడుగు వీధి పొడవునా పరిచి గంజి పట్టిస్తుంటే, ఆ నూలు కింది నుంచి వంగి అటూ ఇటూ పరుగెత్తడం మా ఆటల్లో ఆట. పోగుకు తల తగిలితే మాత్రం వీపు విమానం మోత మోగేది.

మా గోడకు ఆనుకుని వీరేశం చిన్నాయిన ఇల్లు. చిన్నాయిన అన్నది వరస మాత్రమే. మా నాయిన ఈడువాడు, మా తాత దగ్గరే నేత నేర్చుకున్నవాడు. అతని భార్య సుజాత చిన్నమ్మ రాయచూరు వైపు నుంచి కాపురానికి వచ్చింది. ఎవరు ఎదురైనా "ఊట ఆయ్తా?" అని అడిగేది, భోజనమైందా అని. తిన్నామంటే సంతోషించేది, తినలేదంటే చేతిలో రొట్టె ముక్క పెట్టేది, అందువల్ల మేం ఎప్పుడూ తినలేదనే చెప్పేవాళ్లం. ఆమెకు పిల్లలు కలగలేదు. మగ్గానికి నూలు కండెలు చుట్టడం అయిపోగానే అరుగు మీద కూర్చుని వాడలోని ఆడపిల్లలందరికీ వరసగా జడలు వేసేది, ఎంత బిగించి వేసేదంటే కళ్లు సాగిపోయి మేమంతా ఒక్క తల్లి పిల్లల్లా కనిపించేవాళ్లం.

ఒకసారి చీరలు ఇవ్వడానికి గద్వాల పోతూ తాత నన్ను వెంట తీసుకుపోయాడు. సేటు దుకాణంలో తెల్లటి పరుపు మీద చీర విప్పగానే, ఆయన చెయ్యి వేయకముందే, తాత అంచు పట్టుకుని జరిపి ఒకచోట ఆపాడు. అక్కడ అంచుకు చిన్న ఎర్రపోగు ముడివేసి ఉంది. దానికి ఎదురుగా నేతలో ఒక పోగు తప్పింది, నాకైతే ఎంత చూసినా కనిపించలేదు. సేటు కళ్లద్దాలు సర్దుకుని చూసి, మొహం చిట్లించి, ధర తగ్గించాడు. తాత సరేనన్నాడు. మా వాడలో అందరూ అంతే, తప్పు పడిన చోట ఎర్రపోగు ముడివేసి ముందు తామే చూపించేవారు. నాకు ఒళ్లు మండింది. బస్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించి నా చేతిలో పెట్టినా మండుతూనే ఉంది.

"నువ్వు చెప్పకపోతే ఆయనకెట్ల తెలుస్తుండె తాతా?" అన్నాను.

"తెల్వకపోవు. కానీ బిడ్డా, మనం జూపితే అది తప్పు. ఎదుటోడు పట్టుకుంటే అది దొంగతనం" అన్నాడు తాత, నా పొట్లంలోంచి ఒక బజ్జీ తీసుకుంటూ.

నేను మూడో తరగతిలో ఉండగా, రెండువేల తొమ్మిదిలో, దసరాకు ఇళ్లకు తెచ్చుకున్న జమ్మి ఆకు ఇంకా దేవుడి దగ్గర వాడకముందే, తుంగభద్ర మా మీదికి వచ్చింది. పైన ఎక్కడో వానలు పడుతున్నాయని, డ్యాములు నిండాయని పెద్దవాళ్లు అనుకుంటూనే ఉన్నారు, కానీ ఏరు పొంగడం, గడప కడిగి తిరిగిపోవడం వాడకు కొత్త కాదు. ఆ పొద్దున అందరూ వాకిళ్లలో నిలబడి ఏటివైపే చూస్తున్నారు. తాత మాత్రం చీర చివరికి వచ్చిందని మగ్గం మీదే ఉన్నాడు. నీళ్లు వాకిట్లోంచి రాలేదు. తాత కాళ్ల కిందినుంచి వచ్చాయి.

"అమ్మా, గుంటల నీళ్లు ఊరుతున్నయ్" అన్నాడు ఆయన, మా అమ్మను పిలిచి, వింతగా, తడిసిన పాదం పైకెత్తి చూపిస్తూ.

అమ్మ గుంటలోకి తొంగి చూసింది. చెక్కలు అప్పటికే తేలుతున్నాయట. నన్ను చంకనేసుకుని, తాత చెయ్యి పట్టి గుంటలోంచి లాగి, అందరినీ కేకలేసుకుంటూ గడ్డ ఎక్కించింది. మధ్యాహ్నానికి మా వాడ లేదు. గడ్డ మీద రైతుల గొడ్ల కొట్టాల్లో నిలబడి చూస్తే ఎర్రటి నీళ్ల మీద ఇంటి దూలాలు, మగ్గాల దుంగలు, ఎవరిదో కాడెద్దు, ఎవరి బతుకమ్మ తాంబాలమో తిరుగుతూ పోతున్నాయి. వాడలో మనుషులంతా బతికారు, అందుకు మా అమ్మ కేకలే కారణమని సుజాత చిన్నమ్మ ఎప్పుడూ చెప్పేది. కానీ ఆ రోజు గుంటలో కదులుతున్న నీళ్లు అమ్మ కళ్లలోంచి మళ్లీ పోలేదు. ఆ తర్వాత ఆమె ఏ గుంట దగ్గరా నిలబడి మాట్లాడగా నేను చూడలేదు.

బడి ఆవరణలో టార్పాలిన్ల కింద ఉన్నప్పుడు మా ప్రాంతపు నాయకుడు వచ్చాడు. అందరూ అన్నా అన్నా అని పిలిచేవారు. పెద్దవాళ్ల భుజాలు పట్టుకుని ఏడ్చాడు కూడా, అబద్ధం చెప్పకూడదు, కళ్లలో నీళ్లు నేను చూశాను. ఇక ఏరు మీ గడప తొక్కదు, ఎత్తు మీద కాలనీ కట్టిస్తా, నా మాట అన్నాడు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నట్టు ఆ తర్వాత చాలాకాలం ఆయన జాడ లేదు, మేం ఎండకు కాలే రేకుల కింద రెండు ఎండాకాలాలు గడిపాం. మళ్లీ వచ్చినప్పుడు రెండు జాగాల మాట తెచ్చాడు. ఒకటి రోడ్డుకు అవతల రాళ్లగడ్డ, గడ్డపార వేస్తే నిప్పురవ్వ లేచే నేల. రెండోది ఎండిపోయిన పాత చెరువు కట్టకు దిగువన, గోధుమరంగు మెత్తటి నేల. ఆ రెండోది నాయకుడి బావమరిదిది. ఏ పంటా సరిగ్గా రాక, ఎవరూ కొనక, ఏండ్ల తరబడి పడావు పడి ఉన్నదే.

రాత్రి అన్నాల దగ్గర మా ఇంట్లో ఆ మాటే నడిచేది. అమ్మ మామగారి ముందు గొంతెత్తే మనిషి కాదు. ఈ ఒక్క విషయంలో ఎత్తింది.

"రాయి మీదనైతే ఏంది మామా? పాణం నిలబడ్తది గద" అంది.

"పాణం నిలబడి ఏం తింటదమ్మా?" అన్నాడు తాత.

"కూలికి పోతం. రాళ్లు గొడ్తం. నాకైతే మళ్ల గుంట వద్దు."

ఇద్దరి మాటా నిజమే, అదే మా ఖర్మ. గుంట లేకపోతే మావాళ్లకు వేరే విద్య రాదు. చెమ్మ ఉన్నచోటికి నీళ్లు దారి మరిచిపోవు. మా నాయిన ఎప్పటిలాగే ఇద్దరి మధ్యా తల వంచుకుని రొట్టె తుంచుకునేవాడు.

జాగా చూసే రోజు వాడంతా తరలిపోయింది, పిల్లలం తుమ్మచెట్ల కింద పరుగెత్తుతున్నాం. కొలతలకు వచ్చిన పడుచు ఇంజనీరు ఒకాయన చెరువు కట్ట ఎక్కి దిగి, ఇది అలుగు దారి, చెరువు నిండితే మిగిలిన నీళ్లు ఇటే పారతాయి, ఇక్కడ ఇళ్లు వద్దు అన్నాడు. నాయకుడు నవ్వి, "ఆ చెరువు నిండంగ మీల ఎవరన్న జూసిండ్రా?" అని మమ్మల్నే అడిగాడు. చెరువులో సర్కారు తుమ్మ తప్ప ఇంకేం లేదు, మేకలు మేస్తున్నాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. మా తాత చెప్పులు విడిచి తిరుగుతున్నాడు. మన్ను ముద్ద చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకున్నప్పుడు ఆ మొహంలో వచ్చిన వెలుగు, వరద తర్వాత నేను మళ్లీ చూడని వెలుగు, నాకు ఇప్పటికీ గుర్తుంది. "మెత్తగున్నది. పోగు నిలుస్తది" అన్నాడు. వాడంతా చప్పట్లు కొట్టింది. ఆ ఇంజనీరు మళ్లీ రాలేదు, కాలనీ పనులకు వేరే ఆయన వచ్చాడు.

నాయకుడు మమ్మల్ని మోసం చేశాడని అనడం తేలిక, చేశాడు కూడా. కానీ ఆయన మాకు ఇష్టం లేనిది అంటగట్టలేదు. మాకు కావలసిన మెత్తని మన్నునే ఇచ్చాడు, ఆయనకు అమ్ముడుపోని నేల అమ్ముడుపోయింది. రెండు అవసరాలు ఒకచోట కలిస్తే ఇక అడిగేవాడు ఎవడుంటాడు? అమ్మ ఒక్కతే ఆ రోజు చప్పట్లు కొట్టలేదు. ఎండలో తలమీద కొంగు కప్పుకుని చెరువు కట్టవైపు చూస్తూ నిలబడింది.

కాలనీ ఇళ్లు లేచేసరికి నేను ఆరో తరగతికి వచ్చాను. రెండు గదులు, సిమెంటు ఇటుక గోడలు, పైన స్లాబు. సర్కారువాళ్ల నక్షలో మగ్గానికి చోటు లేదు. వాళ్లు తాళాలిచ్చి పోయిన మర్నాడే ఇంటింటా ముందుగది బండలు లేపి గుంటలు తవ్వారు. గది ఇరుకు కావడంతో గుంట గోడను ఆనుకునే తవ్వాల్సి వచ్చింది. అయినా ఎంత సంబరం! ఎన్నాళ్లకో మళ్లీ వాడంతా మగ్గాల చప్పుడు, పొద్దున్నే గంజి వాసన, సుజాత చిన్నమ్మ అరుగు మీద జడల కొలువు. బతుకమ్మను సాగనంపడానికి ఏరు దూరమైపోయిందని ఆడవాళ్లు బాధపడుతుంటే, ఆ కష్టం కూడా తీరింది. కాలువ నీళ్లు తెచ్చి పాత చెరువు నింపారు. నాయకుడు పూలు చల్లాడు, యాటలు తెగాయి, డప్పులు మోగాయి. ఇంజనీరు మాట ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ఏడు నిండు చెరువులో బతుకమ్మలు వదిలి, గట్టు మీద కూర్చుని సద్దులు తిన్నాం. సుజాత చిన్నమ్మ మలీద ముద్ద నా నోట్లో కుక్కి, ఏరే మన ఎంబడి వచ్చింది చూడవే అని మురిసిపోయింది.

ఎనిమిదో తరగతిలో ఉండగా, శ్రావణం వెళ్లే రోజుల్లో, తెరిపి లేకుండా వాన పట్టింది. బడి మధ్యలోనే వదిలేశారు. నేను ఇల్లు చేరేసరికి అమ్మ వాకిట్లో నిలబడి, మొదటిసారి ఎలా పిలిచిందో అలాగే, పేరుపేరునా అందరినీ బయటికి పిలుస్తోంది. మా గుంటలో నీళ్లు ఊరాయి. అందరి గుంటల్లోనూ ఊరాయి. చెరువు నిండి అలుగు దూకింది, వీధిలో మోకాలి లోతు బురదనీళ్లు పరుగెడుతున్నాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. మనుషులందరూ రోడ్డు ఎక్కారు, సుజాత చిన్నమ్మ కూడా ఎక్కింది. ఎక్కినామె, కొత్తగా తెచ్చిన పట్టు కండెలు కిందనే ఉన్నాయి, అటక మీద పెట్టి వస్తానని మళ్లీ దిగింది. వద్దని అమ్మ అరుస్తూనే ఉంది. గుంట పక్క గోడ అడుగున నాని నాని ఉన్నది, ఆమె లోపల ఉండగానే కూలింది.

ట్రాక్టరు మీద వేసుకుని గద్వాల దవాఖానకు తీసుకుపోయారు. ఆమె తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్న వీరేశం చిన్నాయిన దారి పొడవునా ఆమె మొహం మీద వాన పడకుండా చెయ్యి అడ్డం పెట్టాడట. దవాఖాన చేరకముందే ఆమె పోయింది. ఎనిమిదో తరగతి పిల్లకు చావంటే ఏం తెలుస్తుందంటారు, నాకు బాగానే తెలిసింది. మర్నాడు నా జడ నేనే వేసుకున్నాను, అది ఎన్నిసార్లు వేసినా వదులైపోయింది.

నీళ్లు తీశాక జిల్లా నుంచి విచారణకు వచ్చారు. కాలనీ మధ్య షామియానా వేశారు. అంతకుముందే వాడ మగవాళ్లంతా కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఈ జాగా నాయకుడే తన బావమరిది కోసం మాకు అంటగట్టాడు, మాకేం తెలియదు అని చెప్పాలి. అలా చెబితేనే ఎత్తు మీద వేరే జాగా దొరుకుతుంది. అది అబద్ధం కూడా కాదు, నిజంలో సగం. అమ్మ ఆ పొద్దున తాతకు చాయ్ ఇస్తూ, "మామా, నువ్వు జర గమ్మునుండు. ఏం మాట్లాడకు" అని చెప్పింది. తాత తల ఊపాడు.

షామియానా కింద నాయకుడే ముందు లేచాడు. సర్కారు ఇల్లు ఇస్తే గోడ పక్కన గుంటలు ఎవరు తవ్వుకోమన్నారు, గుంట వల్లే గోడ పడ్డది, ఆ తల్లి ఖర్మ, దేవుడి దయ అలా ఉంది అన్నాడు. మావాళ్లు గోల చేశారు. అధికారి చెయ్యెత్తి ఆపి, అసలు ఈ నేల మంచిదని ఎవరు చెప్పారు అని అడిగాడు. వెనక వరసలో కూర్చున్న తాత లేచాడు. అమ్మ ఆయన పంచె అంచు పట్టుకుని లాగడం నేను చూశాను. ఆయన అధికారివైపు చూడలేదు, నాయకుడివైపు చూడలేదు. ఒక పక్కన మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్న వీరేశం చిన్నాయిన వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మన్ను చూసింది నేను. పోగు నిలుస్తదన్న గని, మనిషి నిలుస్తడా అని చూడలే. తప్పు నాది వీరేశం" అన్నాడు.

వీరేశం చిన్నాయిన తల ఎత్తాడు. నాయకుడు, పెద్దాయన ఉన్నమాట చెప్పిండు అని గొప్పగా మెచ్చుకున్నాడు. జాగా నివాసితులే కోరుకున్నారని తేలిపోయింది, విచారణ ముగిసింది. వేరే జాగా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నోరు మూసుకుంటే ముసలాయనకు ఏం పోయేదని మావాళ్లు మొహం మీదే అన్నారు, అననివాళ్లు పలకరించడం మానేశారు. అమ్మ మాత్రం ఇంటికొచ్చాక ఒకటే మాట అంది. "గద్వాల సేటు ముందట చెప్పినట్టు వీళ్ల ముందట చెప్తే ఎట్ల మామా?" ఆయన చేసింది ఒప్పో తప్పో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆయనను తలచుకుంటే గర్వమూ కోపమూ ఒకేసారి వస్తాయి.

వాడ చెదిరిపోయింది. మేం కొత్తకోట వచ్చాం, అమ్మ పట్టుబట్టి మేడ మీది రెండు గదులే వెతికించింది. నాయిన లారీలకు టార్పాలిన్లు కుట్టే పనిలో చేరాడు. తాత వరండాలో కుర్చీ వేసుకుని హైవే వైపు చూస్తూ ఉండేవాడు. అలంపూర్ చౌరస్తా వైపు నుంచి బస్సు వచ్చి ఆగితే చాలు, మెడ సాచి దిగేవాళ్లందరినీ చూసేవాడు. నేను కాలేజీ నుంచి వస్తే, "వీరేశం గిట్ట దిగిండా బిడ్డా?" అని అడిగేవాడు. తిట్టడానికైనా ఒక్కసారి వస్తాడని ఆయన ఆశ. మనమే పోయి వద్దామా అంటే, "ఏ ముఖం బెట్టుకోని పోతనే?" అని కళ్లు తుడుచుకునేవాడు. అలా బస్సులు చూస్తూ చూస్తూనే ఒక ఎండాకాలంలో పోయాడు.

మా ఓట్లు మాత్రం ఇప్పటికీ కాలనీలోనే ఉన్నాయి. మా ఇళ్లు పట్టనివాళ్లకు కూడా మా ఓట్లు కావాలి కదా, మొన్న ఎన్నికలకు జీపులు పంపించి మరీ తీసుకుపోయారు. సగం ఇళ్లకు తలుపులు లేవు. ఒక్క మగ్గం చప్పుడు వినిపించలేదు, గుంటల్లో చెత్త, తుమ్మ మొలకలు. కాలనీని ఆనుకుని కిందివైపు నేలంతా చదును చేసి, రంగుల రాళ్లు పాతి, జెండాలు కట్టి, కమాను నిలబెట్టారు. ఇళ్ల స్థలాలు అమ్ముతున్నారు. కమాను దగ్గర కుర్చీలో కాపలా కూర్చున్నది వీరేశం చిన్నాయినే. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి లేచి, కుర్చీ నాకు వేసి, తాను రాయి మీద కూర్చున్నాడు. కార్లలో వచ్చేవాళ్లకు ఇది నీళ్ల దారి అని చెబుతూనే ఉన్నాడట. బోరుకు నీళ్లు బాగా పడతాయన్నమాట అని సంతోషపడి పోతారట.

కాసేపు ఏవేవో మాట్లాడాక ఆగలేక అడిగేశాను. "చిన్నాయినా, మా తాత మీద కోపం పోలేదా?"

"ఉండె బిడ్డా, మస్తుగుండె" అన్నాడు. "నాయకుడు దేవుని మీద ఏసిండు. ఆఫీసరు మనందరి మీద ఏసిండు. మనోళ్లు నాయకుని మీద ఏసిండ్రు. మీ తాత ఒక్కడే నా ముఖం జూసి నాది తప్పన్నడు. సుజాత పోయినంక నాకు దొరికింది గదొక్కటే."

నేను కుర్చీలోంచి లేచి, ఆ రాయి మీదే చిన్నాయిన పక్కన కూర్చున్నాను.

"గా మాట ఆయనకే చెప్దమని ఒకపారి బస్సెక్కిన" అన్నాడు మళ్లీ. "పెబ్బేరు దాంక వచ్చినంక, నన్ను జూస్తే సుజాత యాదికొచ్చి ముసలాయన పాణం పరేషానైతదని దిగిన. ఆడికెల్లి ఎన్కకు మళ్లిన."

తాత బస్సులు చూసేవాడని చిన్నాయినకు నేను చెప్పలేదు. ఇంటికొచ్చాక అమ్మకు కూడా చెప్పలేదు. ఆ రోజు చిన్నాయిన దిగిపోయిన ఆ బస్సు, పెబ్బేరు నుంచి కొత్తకోటకు వచ్చే ఉంటుంది. మా తాత మెడ సాచి చూసే ఉంటాడు. దిగినవాళ్లలో మనవాళ్లెవరూ లేరని లోపలికొచ్చి పడుకుని ఉంటాడు.